కొనే ముందు మూత తీసి చూడండి



2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల అని కొత్త పేర్లు వచ్చాయి గాని, గుంటూరు, ప్రకాశం మైదానాల రైతు కుటుంబాల లెక్క మాత్రం మారలేదు. పత్తి తూకం అయ్యాక, మిర్చి టిక్కీలు యార్డుకు చేరాకనే ఇంట్లోకి కొత్త వస్తువు వస్తుంది. అటువంటి డబ్బుతో కొన్నది మూలన పడి ఉండకూడదు.

ఇప్పుడు అనేక ఇళ్లలో పిల్లల చదువు కోసం కొన్న పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లు ఉన్నాయి. అవి తెరుచుకోవడానికే ఐదు నిమిషాలు పడుతున్నది. "హార్డు డిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేయిస్తే బాగుపడుతుందట, నిజమేనా?" అని అడిగేవారు ఎక్కువయ్యారు. నిజమే. అయితే ఏది పడితే అది కొంటే సరిపోదు.

ఎందుకు వేగము?

హార్డు డిస్కులో ఒక పళ్లెము నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంది. గ్రామఫోను ముల్లులా ఒక చిన్న చేయి దాని మీద అటూ ఇటూ కదిలి, కావలసినది వెదకి తెస్తుంది. ఎస్.ఎస్.డి.లో తిరిగేది ఏమీ లేదు, అన్నీ చిప్పులే. 1980లలో జపానులోని తోషిబా కంపెనీలో ఫుజియో మసువోకా రూపొందించిన ఫ్లాష్ మెమరీయే దీనికి మూలము. హార్డు డిస్కు సెకనుకు సుమారు 100 నుండి 150 మెగాబైట్లు చదివితే, సాటా రకము ఎస్.ఎస్.డి. 500 దాకా చదువుతుంది. ఎన్.వి.ఎం.ఇ. రకము మూడు వేలు కూడా దాటగలదు.

ఏమేమి చూడాలి?

1. బోర్డు పేరు. విండోస్‌లో "సిస్టమ్ ఇన్ఫర్మేషన్" అని వెదికి తెరవండి. బేస్‌బోర్డ్ అన్న చోట కంపెనీ, మోడల్ ఉంటాయి. కాగితం మీద వ్రాసుకొనండి. ఆ మోడల్ పుస్తకములో స్టోరేజ్ గురించిన పేజీ చదివితే సగం సందేహాలు తీరిపోతాయి.

2. కేబులు. కరెంటు ప్లగ్గు పూర్తిగా తీసివేసిన తరువాతే క్యాబినెట్ మూత తెరవండి. డిస్కుకు వెడల్పైన రిబ్బను వంటి కేబులు మాత్రమే ఉంటే అది మరీ పాత ఐ.డి.ఇ. రకము, దాని మీద ఖర్చు పెట్టకపోవడమే మంచిది. సన్నని సాటా కేబులు ఉంటే రెండున్నర అంగుళాల సాటా ఎస్.ఎస్.డి. సాధారణంగా సరిపోతుంది. పాత సాటా పోర్టులోనైనా పనిచేస్తుంది, వేగము మాత్రము కొంత తగ్గుతుంది. ఖాళీ పోర్టు, ఒక డేటా కేబులు, పవర్ సప్లయి నుండి సాటా కనెక్టరు, బిగించే బ్రాకెట్టు ఉన్నాయో లేదో చూడండి.

3. ఎం.2 స్లాటు. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. చూయింగ్‌గమ్ బిళ్లలా ఉండే ఈ కార్డులలో సాటా, ఎన్.వి.ఎం.ఇ. అని రెండు రకాలున్నాయి. చూపుకు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. సింగిల్ ఫేజు లైనున్న పొలానికి త్రీ ఫేజు మోటారు తెస్తే ఏమవుతుంది? మోటారు మంచిదే, లైను వేరు. ఇదీ అంతే. కొన్ని స్లాట్లు ఒక రకాన్నే తీసుకుంటాయి, కొన్ని రెండింటినీ తీసుకుంటాయి. పొడవు కూడా చూడాలి: 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. కొన్ని బోర్డులలో ఈ స్లాటు వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి.

4. బయాస్. సుమారు 2014కు ముందు వచ్చిన చాలా బోర్డులు ఎన్.వి.ఎం.ఇ. నుండి విండోస్‌ను ప్రారంభించలేవు. అటువంటి వాటికి సాటా రకమే క్షేమము. విండోస్ కొత్తగా ఎక్కించేటట్లయితే, బయాస్‌లో సాటా మోడ్‌ను ముందుగానే ఏ.హెచ్.సి.ఐ.లో పెట్టించండి.

5. విండోస్. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎస్.ఎస్.డి. వేసినంత మాత్రాన పాత కంప్యూటరుకు విండోస్ 11 అర్హత రాదు, దానికి టి.పి.ఎం. 2.0, తగిన ప్రాసెసరు కావాలి. ఈ సంగతి తెలుసుకొని తరువాత ఖర్చు పెట్టండి.

పాత డిస్కులో ఏమున్నది?

తాతగారి ఫోటోలు, పొలం కాగితాల నకళ్లు, కోల్డ్ స్టోరేజీ రసీదులు, పిల్లల మార్కుల జాబితాలు. సంఘ ఆఫీసులోనైతే బాప్తిస్మ, వివాహ రిజిస్టర్ల నకళ్లు కూడా. ఎస్.ఎస్.డి. మరల కొనవచ్చు, ఇవి కొనలేము. అందుచేత పని మొదలుపెట్టక ముందే వీటిని వేరొక డిస్కులోకి ఎక్కించి, తెరిచి సరిచూడండి. కొత్తది నెల రోజులు సక్రమముగా నడిచేవరకు పాత డిస్కును చెరపవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు. ఎస్.ఎస్.డి. కుదుపులకు తట్టుకుంటుంది గాని కరెంటు కోతకు కాదు. వ్రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడవచ్చు. కనుక యు.పి.ఎస్. ఉండవలసిందే.

దుకాణానికి వెళ్లేటప్పుడు బోర్డు మోడల్ వ్రాసిన కాగితము, లోపల తీసిన ఫోటో వెంట తీసుకువెళ్లండి. "ఈ బోర్డుకు సరిపడకపోతే తిరిగి తీసుకుంటారా?" అని డబ్బు ఇవ్వకముందే అడిగి, ఆ మాట బిల్లు మీద వ్రాయించుకొనండి. విత్తనాల సంచి మీద లాటు నంబరు చూడకుండా కొనని రైతుకు ఇది కొత్త పని కాదు.