బోరును బట్టే మోటారు

అనంతపురం రైతుకి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. బోరులో ఇంచు నీళ్లే ఉంటే పది హార్స్‌పవర్ మోటారు దించినా పైపులోంచి వచ్చేది ఇంచు నీళ్లే. పైగా నీళ్లందక మోటారు కాలిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ పీఠభూమిలో బోరు, మోటారు, కరెంటు, మూడింటి లెక్కా కుదిరితేనే పంట. ఆ రైతు కొడుకే ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, గేములకని గ్రాఫిక్స్ కార్డు కొనబోయేసరికి ఈ లెక్క మరిచిపోతాడు. జేబులో ఉన్న డబ్బుకి దొరికినంతలో పెద్ద కార్డు తెచ్చి, ఎనిమిదేళ్లనాటి కంప్యూటర్‌లో బిగిస్తాడు. గేము ఆగాగి నడుస్తుంది. తప్పు కార్డు మీదికి పోతుంది.

కార్డు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆన్‌లైన్ ఒక దారి. రెండు వందల కిలోమీటర్లు దాటాక వచ్చే బెంగళూరు ఎస్పీ రోడ్డు ఇంకోటి. హైదరాబాదులో తెలిసినవాళ్లుంటే సికింద్రాబాద్ సీటీసీ మూడోది. కొత్తది తేలేనివాడు ఎస్పీ రోడ్డులో పాతది చూస్తాడు. అక్కడ దొరికే పాత కార్డుల్లో ఎక్కువసార్లు వినిపించే పేరు ఆర్‌ఎక్స్ 580. ఆ కార్డు జీవితం తెలిస్తే సగం మోసాలు తప్పించుకోవచ్చు. దానికి ముందు దాని వంశం సంగతి.

మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600. గేము సాఫీగా కదలాలంటే సెకనుకి 60 బొమ్మలు కావాలి. అంటే సెకనుకి పన్నెండు కోట్లకు పైగా చుక్కలకి రంగు తేల్చాలి. కంప్యూటర్‌లో ఉండే ప్రాసెసర్ చాలా తెలివైనది గాని, దానికి చేతులు తక్కువ. గ్రాఫిక్స్ చిప్‌ది వేరే దారి. చెనక్కాయలు ఒలిచేచోట వందమంది కూలీలు వరసగా కూర్చుంటారే, అలాంటిది. ఒక్కొక్కరి పని చాలా చిన్నది, అందరిదీ ఒకే పని, ఒకరి కోసం ఒకరు ఆగక్కర్లేదు. ఆర్‌ఎక్స్ 580లో ఇలాంటి చిన్న గణన కేంద్రాలు 2,304 ఉన్నాయి.

ఈ ఆలోచన ఇంటి కంప్యూటర్‌లోకి గట్టిగా అడుగుపెట్టింది 1996లో, త్రీడీఎఫ్‌ఎక్స్ కంపెనీ వూడూ కార్డుతో. దాని మెమరీ 4 మెగాబైట్లు. త్రీడీ గేము తప్ప మరేమీ చూపించలేదు గనక, మామూలు తెర కోసం పక్కన ఇంకో కార్డు ఉండాల్సిందే. రెండింటినీ బయటినుంచి ఒక వైరుతో కలిపేవారు. అప్పటికే 1993లో జెన్సెన్ హువాంగ్, క్రిస్ మలకోవ్‌స్కీ, కర్టిస్ ప్రీమ్ అనే ముగ్గురు ఎన్విడియా పెట్టారు. కాలిఫోర్నియాలోని శాన్ హోసే ఊళ్లో డెన్నీస్ అనే హోటల్లో కూర్చుని చేసిన ఆలోచన అది. 1995లో వాళ్ల మొదటి చిప్ ఎన్‌వీ1 దాదాపు కంపెనీని ముంచింది. లోకమంతా బొమ్మని త్రికోణాలతో కడుతుంటే, వీళ్లు వంపు తిరిగిన నాలుగు మూలల పలకలతో కట్టారు. గణితం బాగుంది, గేములు రాసేవాళ్లు మాత్రం రాలేదు. గేముల కోసం అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తెచ్చిన డైరెక్ట్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్ త్రికోణాల పక్షానే నిలిచింది.

1997లో రివా 128 ఎన్విడియాని ఒడ్డెక్కించింది. 1999లో జీఫోర్స్ 256 వచ్చింది. దీన్ని ప్రపంచంలో మొట్టమొదటి ‘జీపీయూ’ (గ్రాఫిక్స్ ప్రాసెసింగ్ యూనిట్) అని కంపెనీ చాటుకుంది గాని, ఆ మాటను సోనీ తన ప్లేస్టేషన్ కోసం 1994లోనే వాడింది. అయితే ఏం, పేరు మాత్రం ఎన్విడియాకే అంటుకుంది. 2000 చివర్లో త్రీడీఎఫ్‌ఎక్స్ ఆస్తులను కూడా ఎన్విడియానే కొనేసింది. 2006లో రెండో పెద్ద కంపెనీ ఏటీఐని ప్రాసెసర్లు చేసే ఏఎండీ కొన్నది. అక్కణ్ణుంచి ఇది ఇద్దరి పోటీ. ఇంటెల్ మూడోవాడుగా గట్టిగా దిగింది ఈ మధ్యనే.

ఇప్పుడు ఆర్‌ఎక్స్ 580 దగ్గరికి. 2017 ఏప్రిల్లో ఏఎండీ దీన్ని మధ్యతరగతి కార్డుగా వదిలింది. 4 లేదా 8 గిగాబైట్ల మెమరీ, 185 వాట్ల కరెంటు. గేములాడే పిల్లల కోసం పుట్టిన కార్డు, తొందరగానే వాళ్లకి దొరక్కుండా పోయింది. ఎథీరియం అనే క్రిప్టో నాణెం తవ్వకానికి వేగంగా చదివే మెమరీ కావాలి. ఈ కార్డులో అది ఉంది. ఒక్కొక్క చట్రానికి ఆరు, ఎనిమిది కార్డులు తగిలించి రాత్రింబవళ్లు నడిపారు. తవ్వకానికి కావలసిన డేటా పట్టిక రోజురోజుకీ పెరుగుతూ 2020 డిసెంబరు చివరికి 4 గిగాబైట్లు దాటింది. దాంతో 4 గిగాబైట్ల కార్డులన్నీ ఒక్కసారిగా ఆ పనికి చెల్లకుండా పోయాయి. 8 గిగాబైట్ల కార్డులకి 2022 సెప్టెంబరు 15న విశ్రాంతి దొరికింది. ఆ రోజు ఎథీరియం తన పద్ధతినే మార్చేసి, తవ్వకం అవసరం లేకుండా చేసింది. గోదాములు ఖాళీ అయ్యాయి. పాత కార్డుల బజారు నిండింది.

తవ్వకంలో పనిచేసిన కార్డు పనికిరాదని చాలామంది అంటారు. అంత ఖచ్చితంగా చెప్పలేం. సిలికాన్ చిప్ ఒకే వేడి దగ్గర నిలకడగా నడిస్తే పెద్దగా అలసిపోదు. అరిగేది ఫ్యాను బేరింగు, ఎండేది చిప్‌కి హీట్‌సింక్‌కి మధ్య పూసే పేస్టు, బాధపడేది మెమరీ చిప్‌లు. మొదటి రెండూ మార్చుకోవచ్చు. మూడోది పోతే కార్డు పోయినట్టే.

అసలు భయపడవలసింది మారుపేర్లకి. ఆర్‌ఎక్స్ 580 పేరుతోనే 2048ఎస్పీ అనే రకం 2018లో చైనా మార్కెట్లో పుట్టింది. అందులో కేంద్రాలు 2,304 కాదు, 2,048. ఊరూపేరూ లేని బ్రాండ్ల డబ్బాల్లో తరచుగా వచ్చేది ఇదే. ఎన్విడియా జీటీ 1030 అయితే ఇంకా అన్యాయం. మొదటి రకం మెమరీ సెకనుకి 48 గిగాబైట్లు చదివేది. 2018లో అదే పేరుతో వదిలిన డీడీఆర్4 రకం సుమారు 17 గిగాబైట్లే చదువుతుంది. డబ్బా మీద పేరు ఒకటే, లోపల సరుకు మూడో వంతు. ఇవి తయారీదార్లు బాహాటంగా చేసినవి. దొంగసరుకు వేరే ఉంది: 2010, 2011 నాటి కార్డులోని బయోస్ అనే లోపలి ప్రోగ్రాం తిరగరాసి జీటీఎక్స్ 1050 టీఐ అని అంటగడతారు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం తెరిస్తే ఇలాంటి వేషాలు చాలావరకు బయటపడతాయి. డబ్బులు ఇవ్వకముందే అంగట్లో అది నడిపించి చూపమనాలి. మొహమాటం వద్దు.

సరే, మంచి కార్డే దొరికిందనుకుందాం. దాన్ని మోసే కంప్యూటర్ మాటేమిటి?

మొదట ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా. కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన డబ్బా మీద 450 వాట్లు అని ఉంటుంది. దాన్ని నమ్మకూడదు. పక్కనున్న చిన్న పట్టికలో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లో చూడాలి. 20 ఆంపియర్లుంటే 12తో గుణించి 240 వాట్లు. కార్డుకీ ప్రాసెసర్‌కీ కలిపి ఇవ్వగలిగింది అంతే. 185 వాట్ల ఆర్‌ఎక్స్ 580ని దానికి తగిలిస్తే మిగిలేది 55 వాట్లు. ప్రాసెసర్ ఊపిరి తీసుకోవడానికి కూడా చాలదు. యూపీఎస్‌ది కూడా ఇదే కథ. ఇళ్లలో కనిపించే 600 వీఏ యూపీఎస్ చాలావరకు 360 వాట్లే మోస్తుంది. గేము మధ్యలో కరెంటు పోతే, బ్యాటరీ ఉండి కూడా కుయ్‌మని ఆరిపోతుంది.

మదర్‌బోర్డు స్లాటు తనంతట తాను 75 వాట్ల దాకా ఇస్తుంది. ఆ లోపల నడిచే కార్డుకి వేరే వైరు అక్కర్లేదు. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 అంత ప్రాచుర్యం పొందడానికి కారణం ఇదే. పాత ఆఫీసు డెస్క్‌టాప్ విప్పి గుచ్చితే చాలు, నడుస్తుంది. ఆ తరగతి గేమింగ్ కార్డుల్లో దాని తర్వాత ఎన్విడియా నుంచి వచ్చింది 2024 ఫిబ్రవరి నాటి ఆర్‌టీఎక్స్ 3050, 6 గిగాబైట్ల రకం, 70 వాట్లు. ఇక్కడా పేరు జాగ్రత్త. 2022లో వచ్చిన 8 గిగాబైట్ల 3050 వేరు. అది 130 వాట్లు తాగుతుంది, దీనికన్నా వేగంగానూ నడుస్తుంది.

తర్వాత స్లాటు వెడల్పు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ డేటా కోసం నాలుగు దారులే వాడుకుంటుంది. కొత్త బోర్డులో సరిపోతుంది. పాత పీసీఐఈ 3.0 బోర్డులో ఆ నాలుగు దారుల వేగం సగమైపోతుంది, 4 గిగాబైట్ల మెమరీ నిండగానే బొమ్మ కుదుపులు మొదలవుతాయి. పాత బోర్డు కోసం చౌక కార్డు కొనేవాడికే ఈ దెబ్బ తగలడం చూస్తే ఒళ్లు మండుతుంది. 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580 దీనికి భిన్నంగా దండిగా 12 గిగాబైట్లు ఇస్తుంది. కానీ దానికి రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉన్న కొత్త బోర్డూ, చురుకైన ప్రాసెసరూ కావాలి. లేకపోతే తన బలంలో చాలా పోగొట్టుకుంటుంది.

తెర సంగతి చాలామంది చివరికి కూడా తలచుకోరు. 1366 × 768 తెరలో చుక్కలు పదిన్నర లక్షలు, ఫుల్ హెచ్‌డీలో సగం. ఆ తెర ముందు పెద్ద కార్డు పెట్టడం రెండించుల పైపుకి నాలుగించుల మోటారు బిగించడమే.

ఇక అనంతపురం ఎండ. ఏప్రిల్, మే నెలల్లో బయట నలభై డిగ్రీలు దాటుతుంది, మిద్దె కింది గది సాయంత్రానికి కూడా చల్లబడదు. కార్డు ఫ్యాను చల్లగాలిని పుట్టించదు, గదిలో ఉన్న గాలినే ఊదుతుంది. 25 డిగ్రీల గదిలో 70 దగ్గర నడిచే కార్డు, 40 డిగ్రీల గదిలో 85కి పోతుంది. జీటీఎక్స్ 1060 కాలం నాటి ఎన్విడియా కార్డులు సుమారు 83 డిగ్రీల దగ్గరే వేగం తగ్గించుకోవడం మొదలుపెడతాయి. ఎవరో చల్లటి ల్యాబులో తీసిన సమీక్ష అంకెలు ఇక్కడ రాకపోవడానికి కారణం ఇదే. కాబట్టి ఒకే వేగమిచ్చే రెండు కార్డుల్లో తక్కువ వాట్లు తాగేదే ఇక్కడికి మంచిది. 2021లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600 ఆర్‌ఎక్స్ 580 కన్నా చాలా వేగంగా నడుస్తూ 132 వాట్లే తీసుకుంటుంది.

ఉన్న కార్డునే చల్లబరిచే ఉపాయం కూడా ఉంది. చిప్ తినే కరెంటు వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. వోల్టేజీని పది శాతం తగ్గిస్తే 0.9 ఇంటూ 0.9, అంటే 0.81. పంతొమ్మిది శాతం కరెంటు మిగిలినట్టే, అంత వేడీ తగ్గినట్టే. ఆఫ్టర్‌బర్నర్ లాంటి ఉచిత ప్రోగ్రాంతో కొంచెం కొంచెంగా దించుతూ, గేము కూలిపోకుండా ఎంతవరకు నిలబడుతుందో చూసుకోవచ్చు. ఖర్చు లేని ‘అప్‌గ్రేడ్’ ఇది ఒక్కటే.

ఆర్‌ఎక్స్ 580 ఇంకా కొనదగినదేనా? కొత్త గేములు ఆడాలంటే కాదు. 2024 చివర్లో వచ్చిన ఇండియానా జోన్స్ గేము, 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్, రెండూ కాంతి కిరణాలను లెక్కగట్టే ప్రత్యేక భాగాలు చిప్‌లో ఉండాలంటాయి. ఆర్‌ఎక్స్ 580లో, జీటీఎక్స్ 1060లో, 1650లో కూడా అవి లేవు. 1060 తరానికి కొత్త గేముల కోసం డ్రైవర్లు ఇవ్వడం ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. వాలరెంట్, జీటీఏ 5 చాలనుకునేవాడికి మాత్రం పాత కార్డు ఇంకా బండి లాగుతుంది. వాలరెంట్‌కైతే అసలు కార్డు కన్నా ప్రాసెసర్ ముఖ్యం.

ఎస్‌ఎంపీఎస్ మార్చే స్తోమత లేనివారికి 70 వాట్ల 3050 సరైనది. మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్నవారు పాతదైనా ఆర్‌ఎక్స్ 6600 గాని, 12 గిగాబైట్ల ఆర్‌టీఎక్స్ 3060 గాని వెతకాలి. రెండోదానికి 170 వాట్లు కావాలని మరవద్దు. ఏది తెచ్చినా మార్చి నెలాఖరుకల్లా కేబినెట్ విప్పి ఎర్రమట్టి దుమ్ము బ్లోయరుతో ఊదేయండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకోండి. వదిలేస్తే గాలి వేగానికి గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది.