లోతు నీటిలో వింత జీవి

వాన పడితే పొలం గట్ల మీద నత్తలు కనబడతాయి. నత్త వీపు మీద గుల్ల ఉంటుంది. గుల్ల లేని నత్తలు కూడా ఉన్నాయి. పెరట్లో తడి ఆకుల కింద మీరు చూసే ఉంటారు. అలాంటివి సముద్రంలోనూ ఎన్నో రకాలున్నాయి. చాలామటుకు అడుగున రాళ్ల మీద పాకుతూ బతుకుతాయి.

అమెరికా దేశంలో మాంటెరీ అనే అఖాతం ఉంది. అక్కడ సముద్రాన్ని పరిశోధించే సంస్థ ఒకటుంది. 2000 సంవత్సరంలో ఆ సంస్థవాళ్లు టిబురాన్ అనే యంత్రాన్ని సముద్రంలోకి దించారు. అందులో మనుషులుండరు. దీపాలు, కెమెరా ఉంటాయి. పైన ఓడలో కూర్చుని దాన్ని నడుపుతారు. అది 2,614 మీటర్ల లోతుకు పోయింది. అంటే రెండున్నర కిలోమీటర్ల పైమాటే. అక్కడ ఎండ పొడ సోకదు. అంతా చీకటి.

ఆ చీకట్లో కెమెరాకు ఒక జీవి కనబడింది. ఒళ్లు తాటిముంజలా ఉంది. లోపలి భాగాలు బయటికి కనబడుతున్నాయి. తల వైపు పెద్ద ముసుగు. వెనక వెడల్పాటి తోక. తోక అంచున వేళ్లలాంటివి.

ఇదేమిటి? ఎవరికీ అంతు పట్టలేదు. బొమ్మలో ఒక ఆనవాలు మాత్రం దొరికింది. నత్త ఒక మెత్తని పాదంతో పాకుతుంది గదా, అలాంటి పాదం దీనికీ ఉంది. అయితే నత్తలు, ఆల్చిప్పలు ఉండే పెద్ద కుటుంబానిదే కావాలి. కానీ అందులో ఏ శాఖ? నత్త అయితే పాకాలి, ఇది ఈదుతోంది! సముద్రపు నత్తలు చాలావరకు గరుకు నాలుకతో గీరి తింటాయి. ఇదేమో ముసుగు తెరిచి, రొయ్యలాంటి చిన్న జీవులను వల వేసినట్టు పట్టేస్తుంది.

లోతు తక్కువ నీళ్లలో మెలిబీ అనే గుల్ల లేని నత్త ఉంది. దానికీ ముసుగుంది. అయితే ఇది మెలిబీకి చుట్టమేనా? ఇక్కడే పొరపాటు పడేది. సంతలో ఒకామె అచ్చం మన చెల్లెలిలా కనబడుతుంది. అంతమాత్రాన చెల్లెలవుతుందా? బొమ్మ పోలిక చూపిస్తుంది, చుట్టరికం చూపించదు.

వాళ్లు తొందరపడి పేరు పెట్టలేదు. ఏళ్ల తరబడి వెతికారు. 150 సార్లకు పైగా ఆ జీవి కెమెరాకు చిక్కింది. కొన్నింటిని జాగ్రత్తగా పైకి తెచ్చారు. ఒంటిలోని భాగాలు పరీక్షించారు. జన్యువులు కూడా చూశారు. తల్లిదండ్రుల పోలికలు పిల్లలకు వచ్చేది జన్యువుల వల్లనే. అవి చుట్టరికం చెబుతాయి. ఇది గుల్ల లేని సముద్రపు నత్తే అని తేలింది. మెలిబీకి మాత్రం దగ్గరి చుట్టం కాదు. దీనిది వేరే కుటుంబం.

బ్రూస్ రాబిసన్, స్టీవెన్ హాడక్ అనే శాస్త్రవేత్తలు 2024లో దీనికి పేరు పెట్టారు. బాతీడీవియస్ కాడాక్టిలస్. నోరు తిరగని పేరే! కాడాక్టిలస్ అన్న మాటలో తోక, వేలు రెండూ ఉన్నాయి.

ఆ తోక వేళ్లకు పని కూడా ఉంది. బెదిరిస్తే ఈ జీవి ఒళ్లు మిణుగురులా వెలుగుతుంది. ఒకసారి వెలుగుతున్న వేలు ఒకటి తెంపి వదిలేయడం చూశారు. శత్రువు ఆ వెలుగు వెంట పడితే ఇది తప్పించుకుంటుందని వాళ్ల అంచనా. గోడ మీద బల్లి తోక వదిలి పారిపోయినట్టు.