ఉప్పుగాలిలో రేకు బతుకు

మస్కట్‌లోని మత్రా రేవును చుట్టుకుని నిలబడ్డ కొండల మీద చెట్టూ చేమా పెద్దగా కనిపించవు. అన్నీ ముదురు గోధుమరంగు రాళ్ళే. ఒక రాయిని పగలగొడితే మాత్రం లోపల నల్లగా, కాస్త ఆకుపచ్చగా ఉంటుంది. భూమి పైపొర కింద మాంటిల్‌లో పుట్టి, కోట్ల ఏళ్ళ కిందట పైకి తోసుకొచ్చిన పెరిడొటైట్ రాయి అది. అందులోని ఇనుము గాలీ తేమా తగిలి పైపైన రంగు మారింది. ఒక్క మాటలో చెప్పాలంటే కొండకు తుప్పు పట్టింది. కింద సముద్రం వెంబడి సాగే కోర్నిష్ రోడ్డు పక్కన ఆగిన పాత కారు మడ్‌గార్డు అంచునా అదే రంగు. కొండ తొందరపడలేదు, కారుకు పదేళ్ళు చాలు.

కానీ ఇక్కడ వానేదీ? మస్కట్ ప్రాంతంలో ఏడాదంతా కలిపి సుమారు 100 మిల్లీమీటర్లు కురుస్తుంది. విశాఖలో దాదాపు పదింతలు. అయినా రేకు చీకిపోతోందంటే జవాబు మన వంటింట్లోనే ఉంది. ముసురు పట్టిన రోజు ఉప్పుజాడీ మూత తీసి చూడండి, కల్లుప్పు చెమ్మగిల్లి ఉంటుంది. నీళ్ళెవరూ పోయలేదు, గాలిలోంచి అదే తాగింది. సోడియం క్లోరైడుకు గాలిలో తేమ 75 శాతం దాటాలి. సముద్రపు ఉప్పులో కలిసివుండే మెగ్నీషియం క్లోరైడుకు అందులో సగమైనా అక్కర్లేదు. అలల తుంపర మోసుకొచ్చిన ఉప్పు కారు అడుగున పేరుకుంటుంది, రాత్రి తేమ తాగుతుంది, పగటి ఎండకు ఆరుతుంది, మళ్ళీ రాత్రి తాగుతుంది. వాన పడితే ఆ ఉప్పు కొంతైనా కొట్టుకుపోయేది. ఈ ఊళ్ళో ఆ కడుగుడూ లేదు.

తుప్పుకు ఇనుము, నీరు, ఆక్సిజన్ మూడూ కావాలి. ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది కాబట్టి పని వేగం పెరుగుతుంది. ఇక్కడొక చిక్కుముడి ఉంది. 1920లలో కేంబ్రిడ్జ్‌లో యూలిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త ఇనుము మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేసి గమనించాడు. గాలి బాగా అందే అంచు దగ్గర ఇనుము నిలిచింది, గాలి అందని నడిమధ్య కరిగింది. ఎర్రటి తుప్పేమో ఆ రెంటికీ మధ్య వలయంలా పేరుకుంది. అంటే తుప్పు కనిపించే చోటు వేరు, రేకు పోయే చోటు వేరు. తలుపు కింది మడతలో, రెండు రేకులు కలిపి వెల్డింగ్ చేసిన సందులో, రంగు పొక్కు కింద జరిగేది ఇదే. పైగా తుప్పు, తాను తిన్న ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగును కిందినుంచి ఎత్తేస్తుంది. పొక్కు కనబడిందంటే కథ లోపల సగం నడిచిందన్నమాటే.

ఇనుమే వద్దనుకోవడం ఒక దారి. ఒమాన్ ఓడల వాళ్ళు పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టి ఓడలు కట్టేవారు. ఆ పద్ధతిలోనే ఒక్క మేకు లేకుండా కట్టిన ‘సొహార్’ ఓడలో సాహసయాత్రికుడు టిమ్ సెవెరిన్ బృందం 1980లో మస్కట్‌లో బయల్దేరి మరుసటి ఏడు చైనా చేరింది. కార్లలోనూ ఆ ప్రయత్నం జరిగింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఉక్కు కరువై, 1948లో లాండ్ రోవర్‌కు అల్యూమినియం ఒళ్ళు తొడిగారు. చాసిస్ ఉక్కుదే కావడంతో అది మామూలుగానే తుప్పు పట్టింది!

రెండో దారి, ఇనుముకు బదులు మరొకరిని బలివ్వడం. 1824లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల రాగిరేకును కాపాడేందుకు దానికి జింకు, ఇనుప ముక్కలు తగిలించాడు. రాగి భేషుగ్గా నిలిచింది. అయితే రాగి కరగడం ఆగాక ఓడ అడుగున గుల్లజీవులూ నాచూ గుంపులుగా అతుక్కుని నడక మందగించింది, దాంతో ఆ పద్ధతిని మానుకున్నారు. సూత్రం మాత్రం బతికింది. 1837లో ఫ్రాన్స్‌లో స్టనిస్లాస్ సొరెల్ ఇనుమును కరిగిన జింకులో ముంచే విధానానికి పేటెంటు పొందాడు. మన ఇంటి జీఐ బకెట్టు ఆ వంశానిదే. బకెట్టుకు అబ్బిన ఈ భాగ్యం కారుకు చాలా ఆలస్యంగా దక్కింది. 1975లో పోర్షే 911, 1985లో ఆడి 100 జింకు పూసిన ఒంటితో వచ్చాయి. మొత్తం బాడీని రంగు తొట్టిలో ముంచి కరెంటు పారించి, మూలమూలకూ రంగు పట్టించే పద్ధతి 1970ల చివరికి మెరుగుపడింది. అంతకు ముందు తయారైన కార్లకు ఇంత గట్టి కవచాలు చాలావరకు లేవు.

కారుకు తగిలిస్తే కరెంటుతో తుప్పును ఆపుతామనే చిన్న పెట్టెలు బజార్లో దొరుకుతాయి. వాటి మీద నాకు నమ్మకం లేదు. ఆ కిటుకు ఓడకు పనికొస్తుంది. ఓడ నీళ్ళలో మునిగి ఉంటుంది, కరెంటు పారే దారి ఆ నీరే. కారు రోడ్డు మీద ఉంటుంది.

మస్కట్‌లోని వాదీ కబీర్ షెడ్లలో అయినా, విజయవాడ ఆటోనగర్‌లో అయినా టింకరింగ్ చేసేవారి ముందుకొచ్చే పాత బండి కథ ఒకటే. తలుపుల అడుగున నీళ్ళు పోయేందుకు వదిలిన బెజ్జాలు దుమ్ముతో మూసుకుపోయి ఉంటాయి. చీపురుపుల్లతో పొడిస్తే చాలు, పైసా ఖర్చు లేదు. ఏసీ నీళ్ళ గొట్టం పూడితే ఆ నీరు మ్యాట్ కిందికి చేరి ఫ్లోరును తింటుంది. అడుగు భాగాన్ని, చక్రాల గూళ్ళను మంచినీళ్ళతో కడగాలి. తడి కారుకు కవరు కప్పకూడదు, వేడిగా ఉక్కపోసే షెడ్డులో అసలే పెట్టకూడదు. తుప్పు మీదే రంగేయడం పుండు మీద పౌడరు అద్దినట్టు. గీకి, తెల్లటి లోహం తేలాకే ప్రైమర్.

పాత కారు కొనడానికి వెళుతుంటే ఫ్రిజ్ మీది చిన్న అయస్కాంతాన్ని జేబులో వేసుకోండి. తలుపుల కిందా, మడ్‌గార్డు అంచునా తాకించి చూడండి. జారిపోయిన చోట రేకు లేదు, లప్పం ఉంది.