బల్ల మీద బేస్‌బాల్: మనవడికి ఏ ఆట కొనాలి?



ఈవేళ నేను చెప్పబోయేది విని "ఈ వయసులో ఈవిడకిదేం సరదా?" అని కొందరు నవ్వుకోవచ్చు. బేస్‌బాల్ ఆట గురించి చెబుతాను. మైదానంలో ఆడేది కాదు. భోజనాలబల్ల మీద పాచికలు వేసి ఆడే బేస్‌బాల్.

మనలో చాలామందికి కూతుళ్ళో కొడుకులో అమెరికాలో వున్నారు. పురుళ్ళకనీ పిల్లల్ని చూసుకోడానికనీ ఆర్నెల్లు వెళ్ళి వస్తూంటాం. అక్కడ మనవలు ఆడే ఆట మనకి తలా తోకా తెలియదు. మైదానం పక్కన మడతకుర్చీలో శాలువా కప్పుకు కూచుని, అందరూ చప్పట్లు కొడితే మనమూ కొడతాం. నిరుడు ఏప్రిల్లో న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట వున్నప్పుడు నేనూ అంతే చేశాను.

మా మనవడికి పదేళ్ళు. కాళ్ళలో మంచి చురుకుంది. ఒక శనివారం ఆటలో మొదటి బేస్ మీద నుంచున్నాడు. వాళ్ళ జట్టు పిల్లవాడు బంతిని కొడితే అది ఆకాశంలోకి లేచింది. మా వాడు వెనకా ముందూ చూడకుండా పరుగు లంకించుకున్నాడు. అవతలి పిల్లవాడు బంతి పట్టి మొదటి బేస్‌కి విసిరాడు. కొట్టినవాడూ ఔటే, మా వాడూ ఔటే. వాళ్ళ వంతు అంతటితో సరి. గట్టు మీంచి పెద్దవాళ్ళు నలుగురు నాలుగు రకాలుగా అరిచారు. కార్లో వాడు ఒక్క మాటే అన్నాడు: "నేనింక ఆడను." అల్లుడు "ఇష్టం లేకపోతే మాననీ" అన్నాడు. అమ్మాయి "డబ్బు కట్టేశాంగా" అంది. రాత్రి పడుకోబోయే ముందు నేను అడిగాను, "ఒరే నాన్నా, నువ్వు చేసిన తప్పేమిట్రా?" అని. వాడు దుప్పటి ముఖమ్మీదికి లాక్కుని, "అదే తెలీదమ్మమ్మా" అన్నాడు.

తెలియని తప్పుకి పదిమందిలో అరుపులు తిన్నాడన్నమాట. అదే నన్ను పట్టుకుంది.

ముందు ఆటేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. నాలుగు మూలల చదరం. ఒక మూల హోమ్, మిగతా మూడూ బేస్‌లు. పెద్దవాళ్ళకి మూలకీ మూలకీ మధ్య 90 అడుగులు, మా వాడు ఆడే లిటిల్ లీగ్‌లో 60 అడుగులు. జట్టుకి తొమ్మండుగురు. మన బౌలర్ వంటివాడు పిచ్చర్. బంతి కొట్టినవాడు మూడు బేస్‌లూ చుట్టి హోమ్‌కి వస్తే ఒక పరుగు. ముగ్గురు ఔటైతే వంతు మారుతుంది. ఇంతవరకూ కష్టం లేదు.

చిక్కంతా బేస్ మీద నుంచున్నవాడితో. దొర్లే బంతయితే మొదటి బేస్ వాడు పరుగెత్తి తీరాలి. వెనక కొట్టినవాడు వస్తున్నాడు, ఒక బేస్ మీద ఇద్దరుండకూడదు. గాలిలో లేచిన బంతిని పట్టుకుంటే కొట్టినవాడు ఔట్, మన క్రికెట్‌లోలాగే. కాని అప్పటికే కదిలిన రన్నర్ వెనక్కి వచ్చి తన బేస్ తాకాలి. బంతి వాడికంటే ముందొస్తే వాడూ ఔట్. అంచేత మొదటి బేస్ వాడు కొంత దూరం వెళ్ళి ఆగి చూడాలి. మూడో బేస్ వాడు బేస్‌ని అంటిపెట్టుకుని వుండి, బంతి పట్టాక హోమ్‌కి పరుగెత్తవచ్చు. అప్పటికే ఇద్దరు ఔటై వుంటే ఈ లెక్కలేవీ లేవు, కొట్టగానే పరుగే. వింటూంటేనే తల తిరుగుతోంది కదూ? పదేళ్ళవాడు ఇదంతా ఒక్క క్షణంలో తేల్చుకోవాలి.

పక్కింట్లో ఒక పెద్దాయన వున్నాడు. ఎన్నో ఏళ్ళు పిల్లలకి ఈ ఆట నేర్పాడట. నా గోడు విని అటక మీంచి మూడు పాత పెట్టెలు దించి ఇచ్చాడు. ఆ మూడూ ఆడి చూశాకే ఈ మాటలు చెబుతున్నాను.

మన ఇళ్ళలో ఆటలు గుర్తు తెచ్చుకోండి. వైకుంఠపాళిలో మన చేతిలో ఏమీ లేదు. గవ్వలు ఎంత వేస్తే అంత, పామో నిచ్చెనో. అష్టాచెమ్మాలో పందెం అదృష్టమే అయినా ఏ కాయ జరపాలో మనమే ఆలోచించుకోవాలి. ఆడే పిల్లవాడికి కావలసింది ఈ రెండోరకం. బంతి ఎటు వెళ్తుందో మన చేతిలో లేదు. వెళ్ళాక మన కాలు ఎటు కదలాలన్నది మన చేతిలోదే.

మొదటి పెట్టె ఆల్ స్టార్ బేస్‌బాల్. ఈథన్ ఆలెన్ అనే అసలుసిసలు ఆటగాడు తయారుచేస్తే కడాకో కంపెనీ 1941లో తెచ్చింది. ఈయనే తరవాత యేల్ విశ్వవిద్యాలయం జట్టుకి శిక్షకుడయ్యాడు. పెద్ద బుష్ అధ్యక్షుడు చదువుకునే రోజుల్లో ఆడింది ఈయన దగ్గరే. ఆటగాడికొక గుండ్రటి అట్టబిళ్ళ, మధ్యలో తిరిగే ముల్లు. హోమ్ రన్‌లు ఎక్కువ కొట్టేవాడి బిళ్ళలో ఆ ముక్క వెడల్పుగా వుంటుంది, ముల్లు అక్కడ ఆగే అవకాశం ఎక్కువ. ఏడేళ్ళ పిల్లకైనా ఇట్టే తెలుస్తుంది. ఐతే పిచ్చర్ ఎవరైనా ఒకటే, ఫలితమంతా కొట్టేవాడి బిళ్ళదే. చిన్నపిల్లలకి ముచ్చటగా వుంటుంది. మా వాడు రెండురోజుల్లో విసిగిపోయాడు. ఈ ఆటకి పాత పెట్టెలే చేతులు మారుతూ కనిపిస్తుంటాయి.

రెండోది ఆప్‌బా. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో డిక్ సైట్జ్ 1951లో మొదలుపెట్టాడు. ఒక పెద్ద పాచిక, ఒక చిన్న పాచిక. పెద్దది పదుల స్థానం, చిన్నది ఒకట్లు. 11 మొదలు 66 దాకా 36 రకాలు పడతాయి. ఆటగాడి చీటీలో ఆ అంకెకి ఎదురుగా మరో అంకె వుంటుంది. దాన్ని పట్టుకుని అట్ట మీద చూస్తే ఏం జరిగిందో రాసి వుంటుంది. ఐతే ఆ అట్ట ఒకటి కాదు. బేస్‌ల మీద ఎవరూ లేనప్పుడొకటి, మొదటిదాని మీద వుంటే ఒకటి, మొదటి రెంటి మీదా వుంటే ఒకటి, ఇలా ఎనిమిది పరిస్థితులు. ప్రతిసారీ ముందుగా "ఎవరెక్కడ వున్నారు?" అని చూసుకోకపోతే ఆట కదలదు. మా వాడు ఆ శనివారం వేసుకోని ప్రశ్న సరిగ్గా అదే! ఔట్లు సున్నా, ఒకటి, రెండు అని కలుపుకుంటే ఎనిమిది మూళ్ళు 24 పరిస్థితులు. ఇరవైనాలుగేనా అని నాకే ధైర్యమొచ్చింది. ఇబ్బందల్లా అట్టలో వెదకడమే. చిన్న చేతులకి అది చాలా నిదానం. పెద్దవాళ్ళు పక్కన కూచుని వెదికిపెట్టాలి.

మూడోది స్ట్రాట్-ఓ-మాటిక్. న్యూయార్క్ దగ్గర హాల్ రిచ్‌మన్ అనే ఆయన పదకొండేళ్ళ వయసులో మొదలుపెట్టి, చదువు పూర్తయ్యాక 1961లో అమ్మకానికి తెచ్చాడు. ఇందులో మూడు పాచికలు. ఒకదాంట్లో 1, 2, 3 పడితే కొట్టేవాడి చీటీ చూడాలి, 4, 5, 6 పడితే పిచ్చర్ చీటీ. అంటే గెలుపోటములు ఇద్దరిదీ సగం సగం. మిగతా రెండు పాచికల మొత్తం పట్టుకుని ఫలితం చూస్తారు. రెండు పాచికలకి ఏడు పడే దారులు ఆరున్నాయి, రెండు పడటానికి ఒకటే దారి. కాగితం మీద గీతలు పెట్టి మా వాడే కనిపెట్టాడు. లెక్కల మాస్టారు చెబితే వినేవాడా!

నేను కొనమనేది ఈ మూడోదాన్నే. రన్నర్‌కి 1-8 మొదలు 1-17 దాకా వేగం అంకె వుంటుంది. ఇంకో బేస్‌కి తెగించి పరుగెత్తాలా, ఆగాలా అన్నది ఆడేవాడే తేల్చుకోవాలి. 20 దాకా అంకెలున్న పాచికలోనో చీటీల్లోనో తన అంకె దాటకపోతే బతికాడు. పది, పదకొండేళ్ళవాడికి ఇది చాలు. చీటీ వెనకవైపు ఇంకా పెద్ద ఆట వుంటుంది, ఎడమచేతివాటం పిచ్చరైతే ఒక లెక్క, కుడిచేతివాటమైతే ఇంకో లెక్క. అటు తిప్పకండి. నేను ఉబలాటం కొద్దీ తిప్పాను. ఆ రాత్రి ఆట సగంలో వాడు బల్లమీదే నిద్రపోయాడు.

ఏ పెట్టె కొన్నా ఒక లోపముంటుంది. పాచిక పడగానే బంతి పట్టారా లేదా అన్నది కూడా ఒక్కసారే తేలిపోతుంది. మైదానంలో అలా కాదు, బంతి ఇంకా గాలిలో వుండగానే కాలు కదలాలి. దీనికి నేనొక ఉపాయం చేశాను. క్యాలెండరు కాగితం వెనక చదరం గీసి, రన్నర్లకి చొక్కా బొత్తాలు పెట్టాను. పాచికలు గిన్నె కింద వేసి నేనొక్కదాన్నే చూసి, "గాలి!" అనో "నేల!" అనో మాత్రమే అనేదాన్ని. వాడు బొత్తాం జరిపి వేలు పెట్టాకే మిగతాది చెప్పడం. మొదటివారం బొత్తాలన్నీ ఔటే. వాడు ఉక్రోషంతో గిన్నె తన్నేశాడు కూడా. మూడోవారానికి నేను నోరు తెరవకముందే, "ఒకటో బేస్, ఒక ఔట్, గాలైతే సగం దూరం" అని గొణుక్కునేవాడు. పాచికలు వేసే ముందు ఆ మూడు ముక్కలూ పైకి చెప్పించడం మరిచిపోకండి. ఒక పూటకి మూడు వంతులు చాలు, వాళ్ళ అసలు ఆటే ఆరు వంతులు.

ఇంకొకటుంది. ఈ ఆటలన్నీ పెద్దవాళ్ళ కట్టుబాట్లతో చేసినవి. పెద్దవాళ్ళలో రన్నర్ బంతి విసరకముందే బేస్ వదిలి ముందుకి జరగవచ్చు. లిటిల్ లీగ్‌లో మా వాడి వయసువాళ్ళు, బంతి కొట్టేవాడి దగ్గరికి చేరేదాకా కదలకూడదు. బల్ల మీద బేస్ దొంగిలించి మురిసిపోయి, మైదానంలో అదే చేస్తే మళ్ళీ అరుపులే. వాళ్ళ శిక్షకుణ్ణి ముందే అడిగి తెలుసుకోండి. పాకే పిల్లలున్న ఇంట్లో పాచికలు లెక్కపెట్టి మరీ దాచండి, వేరే చెప్పక్కర్లేదు.

మా వాడు ఆట మానలేదు. గొప్ప ఆటగాడూ కాలేదు, ఇప్పటికీ సగం సేపు బెంచీ మీదే కూచుంటాడని అమ్మాయి చెబుతుంది. ఆదివారం ఫోన్లో వాడే నన్ను పరీక్ష చేస్తాడు. "అమ్మమ్మా, రెండో బేస్, ఇద్దరు ఔట్, గాలి. ఏం చేస్తావ్?" మొన్న "సగం దూరం వెళ్ళి ఆగుతాను" అన్నాను.

"ఇద్దరు ఔటన్నానుగా, పరుగెత్తాలి!" అని అక్కణ్ణుంచి ఒకటే అరుపు.