లేపే డబ్బా... జోకొట్టే డబ్బా!

కిరాణా కొట్టులో ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు... మంచినీళ్ల సీసా పక్కనే ఎర్రటి ఎనర్జీ డ్రింక్ సీసా కనిపిస్తుంది. ఇరవై రూపాయలకే దొరికేవీ ఉన్నాయి. పరీక్షలకు చదివే పిల్లలు, రాత్రి షిఫ్టు ఉద్యోగులు, దూరప్రయాణాలు చేసే డ్రైవర్లు నిద్ర ఆపుకోవటానికి దాన్నే అందుకుంటున్నారు. మరోవైపు ‘హాయిగా నిద్ర’, ‘ఒత్తిడి మాయం’ అంటూ రిలాక్సేషన్ డ్రింకులు, పొడులు, టీ పొట్లాలు ఆన్‌లైన్‌లో ఊరిస్తున్నాయి. పగలు అది, రాత్రి ఇది తాగేవారూ ఉన్నారు. ఇంతకీ వీటి రుచి వెనక ఏముంది? ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తాయి? అసలు మనకు కొరవడింది శక్తా, నిద్రా?

ఎక్కడ పుట్టాయి?

ఎనర్జీ డ్రింకుల్లో బాగా పేరుపడినదానికి మూలం థాయ్‌లాండ్. అక్కడ 1970లలో లారీ డ్రైవర్లు, కూలీలు రాత్రంతా మెలకువగా ఉండటానికి ‘క్రాటింగ్ డేంగ్’ అనే తియ్యటి పానీయం తాగేవారు. ఆస్ట్రియాకు చెందిన డీట్రిచ్ మాటెషిట్జ్ దానికి గ్యాస్ జోడించి, రుచి మార్చి, 1987లో ‘రెడ్ బుల్’ పేరుతో తమ దేశంలో అమ్మకానికి పెట్టారు. ఆ తర్వాత ఇదో పెద్ద వ్యాపారమైంది.

రిలాక్సేషన్ డ్రింకులు వీటికి ఎదురుగా పుట్టినవే. అమెరికాలోని హ్యూస్టన్‌లో 2008లో వచ్చిన ‘డ్రాంక్’ వీటిలో బాగా పేరుపడింది. ఇందులో నిద్రకు తోడ్పడే మెలటోనిన్ హార్మోన్, వలేరియన్ వేరు సారం కలిపారు. మెలటోనిన్‌ను ఆహార పదార్థాల్లో కలపటానికి అనుమతి లేదంటూ అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2010లో దాని తయారీదారును హెచ్చరించింది. మన దగ్గర ఇలాంటివి ఎక్కువగా అశ్వగంధ, చామంతి టీ, థియానిన్, మెలటోనిన్ కలిపిన పొడులు, గమ్మీల రూపంలో దొరుకుతున్నాయి.

నాలుకకు తెలిసే తేడా

కెఫీన్ స్వతహాగా చేదు. ఆ చేదును కప్పిపెట్టటానికే ఎనర్జీ డ్రింకుల్లో పంచదార, సిట్రిక్ ఆమ్లం దండిగా వేస్తారు. అందుకే పుల్లపుల్లగా, చాక్లెట్ బిళ్ల కరిగించి తాగినట్టుగా ఉంటాయి. బి విటమిన్ల మూలంగా అడుగున కాస్త మందు వాసన తగులుతుంది. బాగా చల్లగా ఉన్నప్పుడు తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది, గ్యాస్ చురుక్కుమంటుంది. అదే సీసాను బయట పెట్టి, గ్యాస్ పోయాక ఒక గుక్క తాగి చూడండి. పాకంలా అనిపిస్తుంది. పంచదార ఎంత ఉందో అప్పుడు తెలుస్తుంది. కొన్ని రకాల 250 మి.లీ. డబ్బాలో సుమారు 27 గ్రాముల పంచదార ఉంటుంది. అంటే ఐదారు చెంచాలు! పెద్దలు రోజు మొత్తమ్మీద అదనపు పంచదారను 25 గ్రాములకు పరిమితం చేసుకుంటే మేలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒక్క డబ్బాతోనే అది దాటిపోతుంది. ‘షుగర్ ఫ్రీ’ రకాల్లో ఈ బెడద లేకపోయినా కెఫీన్ మామూలే, పులుపూ మామూలే. ఈ పులుపు పంటి ఎనామిల్‌ను కరిగిస్తుంది. రోజంతా కొంచెం కొంచెంగా చప్పరిస్తూ తాగేవారికి నష్టం మరింత ఎక్కువ.

రిలాక్సేషన్ డ్రింకుల రుచి వేరు. గ్యాస్ తక్కువ. ద్రాక్ష, బెర్రీ, చామంతి, లావెండర్ వంటి మెత్తని వాసనలు. వీటిలోనూ కప్పిపెట్టాల్సినవి ఉన్నాయి. అశ్వగంధ అంటేనే గుర్రం వాసన గలదని అర్థం. మన పెన్నేరు గడ్డ ఇదే. చేదు, వగరు, మట్టి వాసన కలగలిసి ఉంటుంది. వలేరియన్ వేరు వాసనైతే ముక్కు మూసుకునేలా ఉంటుంది. వీటిని దాచటానికి తేనె, పాలపొడి, పండ్ల ఫ్లేవర్లు వాడతారు. టీ ఆకులో ఉండే థియానిన్‌ది మాత్రం తేలికైన కమ్మటి రుచి. మనం తాగే టీలో లేపే కెఫీన్, నెమ్మదింపజేసే థియానిన్ రెండూ సహజంగానే ఉంటాయి. కాకపోతే థియానిన్ కొద్ది మోతాదులోనే.

మెలకువ ఎలా వస్తుంది?

మనం మేల్కొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పోగవుతూ వస్తుంది. ఇది తన గ్రాహకాలకు అతుక్కున్నకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ వెళ్లి ఆ గ్రాహకాల్లో కూర్చుంటుంది. దీంతో అడినోసిన్‌కు చోటు దొరకదు. అలసట అలాగే ఉంటుంది, మెదడుకు కబురు మాత్రం అందదు. కెఫీన్ దిగిపోగానే అప్పటివరకు పోగైన అడినోసిన్ ఒక్కసారిగా పనిచేస్తుంది. రెండు మూడు గంటల హుషారు తర్వాత నీరసం కమ్ముకురావటానికి ముఖ్య కారణం ఇదే. అప్పుడు చెయ్యి రెండో సీసా మీదికి పోతుంది.

తాగిన 15-45 నిమిషాల్లో కెఫీన్ ప్రభావం మొదలవుతుంది. పెద్దవారిలో సుమారు 5 గంటలకు సగం కరిగిపోతుంది. సాయంత్రం 6 గంటలకు 75 మి.గ్రా. తీసుకుంటే రాత్రి 11 గంటలకు ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. తెల్లవారుజామున 4 గంటలకూ పావు వంతు మిగులుతుంది. గర్భిణుల్లో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఇది మరింత నెమ్మదిగా కరుగుతుంది. పడుకోవటానికి 6 గంటల ముందు 400 మి.గ్రా. కెఫీన్ తీసుకున్నవారి నిద్ర గంటకు పైగా తగ్గినట్టు 2013లో ఒక అధ్యయనం తేల్చింది.

డబ్బా మీద గొప్పగా రాసే టారిన్ మన శరీరం సొంతంగానే తయారుచేసుకుంటుంది. బి విటమిన్లు అవసరానికి మించితే మూత్రంలో పోతాయి. ఇవి తాగాక మూత్రం ముదురు పసుపు రంగులో రావటానికి చాలావరకు కారణమిదే. ‘శక్తి’ అనిపించేదంతా దాదాపుగా కెఫీన్, పంచదారల మహిమే.

గుండె మీద ప్రభావాన్నీ తేలికగా తీసుకోవద్దు. 2019లో అమెరికాలో 34 మంది ఆరోగ్యవంతులైన యువతీ యువకులకు సుమారు 950 మి.లీ. ఎనర్జీ డ్రింక్ తాగించి పరీక్షించారు. వారి రక్తపోటు 4-5 పాయింట్లు పెరిగింది. ప్రతి స్పందన తర్వాత గుండె విద్యుత్‌పరంగా తిరిగి సర్దుకోవటానికి పట్టే సమయం పెరగటమూ ఈసీజీలో కనిపించింది. ఆరోగ్యవంతులు దీన్ని తట్టుకోవచ్చు. పుట్టుకతో గుండె లయ లోపాలు ఉన్నవారికి ఇది ప్రమాదం కావొచ్చు. చాలామందికి అలాంటి లోపం ఉన్నట్టే తెలియదు.

నిద్ర సీసాలో దొరుకుతుందా?

మెలటోనిన్ మత్తుమందు కాదు. ‘చీకటి పడింది, ఇక పడుకో’ అని శరీరానికి చెప్పే సంకేతం. దేశాలు దాటి ప్రయాణించినప్పుడు గడియారం తప్పిన నిద్రను సరిచేయటానికి ఉపయోగపడుతుంది. మామూలు నిద్రలేమికి దీని ఫలితం అంతంతమాత్రమే. పలు అధ్యయనాలను కలిపి విశ్లేషిస్తే నిద్ర పట్టే సమయం సగటున 7 నిమిషాలే తగ్గింది. పైగా మోతాదు మీదా నమ్మకం లేదు. కెనడాలో 31 ఉత్పత్తులను పరీక్షించగా లేబుల్ మీద రాసినదానికన్నా 83% తక్కువ నుంచి 478% ఎక్కువ వరకు మెలటోనిన్ ఉన్నట్టు 2017లో బయటపడింది.

థియానిన్ 200 మి.గ్రా. మోతాదులో కొందరికి ఆందోళన కాస్త తగ్గించొచ్చు. అశ్వగంధ కూడా ఒత్తిడిని కొంత తగ్గిస్తుందని చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. కానీ ‘మూలికే కదా, ఏం కాదులే’ అనుకోవద్దు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచొచ్చు. అరుదుగా కాలేయం దెబ్బతిన్న ఉదంతాలున్నాయి. గర్భిణులు వాడకూడదు. మెలటోనిన్ రక్తాన్ని పలుచబరిచే వార్ఫరిన్‌తో, కొన్ని బీపీ మందులతో పడకపోవచ్చు. నిద్రమాత్రలు, మూర్ఛ మందులు, మద్యంతో కలిస్తే మత్తు మితిమీరుతుంది. మర్నాడు ఉదయం బండి నడిపేటప్పుడూ మగత వదలకపోవచ్చు.

రెండూ కలిస్తే...

ఆమధ్య మా ఓపీకి ఒక డిగ్రీ విద్యార్థి గుండెదడ, చేతుల వణుకుతో వచ్చాడు. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ బాగానే ఉన్నాయి. ‘‘టీ, కాఫీలు కూడా అలవాటు లేవు సార్’’ అంది తల్లి. ‘‘మరి చల్లటివి ఏమైనా తాగుతావా?’’ అని అడిగితే అసలు సంగతి బయటపడింది. రోజుకు రెండు మూడు ఎనర్జీ డ్రింకులు తాగుతున్నాడు. రాత్రి నిద్ర పట్టక ఆన్‌లైన్‌లో తెప్పించిన నిద్ర పొడి కలుపుకొంటున్నాడు. పొద్దున్నే మగత. మగత పోవటానికి మళ్లీ ఎనర్జీ డ్రింక్! క్రమంగా రెండూ మాన్పించాం. మూడో వారానికి దడ తగ్గింది. మందు బిళ్ల ఒక్కటీ అవసరం రాలేదు.

ఇలాంటివారిని తరచూ చూస్తున్నాం. లేపే డబ్బా, జోకొట్టే డబ్బా దేనికి అది మందులా కనిపిస్తాయి గానీ రెండూ చుట్టూ తిరిగేది ఒక్క సమస్య చుట్టే. అది నిద్ర బాకీ. ఎనర్జీ డ్రింక్ ఆ బాకీని రేపటికి వాయిదా వేస్తుంది. రిలాక్సేషన్ డ్రింక్ కాసేపు దాన్ని మరిపిస్తుంది. తీర్చేది మాత్రం నిద్ర ఒక్కటే. ఇంకో ముఖ్య విషయం. చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. పరీక్ష ముందురోజు రాత్రంతా సీసాలతో మేల్కొని చదివితే పుస్తకం పూర్తవుతుందేమో గానీ, చదివింది గుర్తుండటం కష్టం.

పిల్లల లెక్క వేరు

మన ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం ఈ డ్రింకుల్లో లీటరుకు 300 మి.గ్రా. కెఫీన్ మించకూడదు. అంటే 250 మి.లీ.లో 75 మి.గ్రా. వరకు ఉండొచ్చు. పిల్లల్లో కెఫీన్ రోజుకు కిలో బరువుకు 3 మి.గ్రా. దాటకూడదన్నది ఐరోపా నిపుణుల లెక్క. 25 కిలోల పిల్లాడికి ఒక్క సీసాతోనే పరిమితి ముగిసింది. ఇక కోలా, టీ, చాక్లెట్ల సంగతేంటి? అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2011లోనే పిల్లల, యుక్తవయసు వారి ఆహారంలో ఎనర్జీ డ్రింకులకు చోటు లేదని తేల్చిచెప్పింది. లిథువేనియా, పోలండ్‌లలో 18 ఏళ్లలోపు వారికి అమ్మటమే నిషేధం. మన సీసాల మీదా ‘పిల్లలకు తగదు’ అని ఉంటుంది. అక్షరాలే చిన్నవి.

పెద్దవాళ్లకు రోజుకు అన్నింటి ద్వారా కలిపి 300 మి.గ్రా. కెఫీన్ మించొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. 150 మి.లీ. డికాక్షన్ కాఫీలో 80-120, ఇన్‌స్టంట్ కాఫీలో 50-65, టీలో 30-65 మి.గ్రా. ఉంటుందని లెక్క కట్టింది. రెండు డికాక్షన్ కాఫీలు, రెండు టీలు తాగేవారికి ఆపైన ఎనర్జీ డ్రింక్‌కు దాదాపుగా చోటు లేనట్టే.

ఎవరు అసలే ముట్టొద్దు?

* పిల్లలు, గర్భిణులు, బిడ్డకు పాలిచ్చే తల్లులు
* అధిక రక్తపోటు, గుండెజబ్బు, గుండె లయ సమస్యలు గలవారు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించిన చరిత్ర ఉన్నవారు
* ఆందోళన, మూర్ఛ, నిద్రలేమితో బాధపడేవారు
* మధుమేహులు (పంచదార రకాలు)
* మద్యంతో కలిపి ఎవరూ తాగొద్దు. కెఫీన్ మత్తును తగ్గించదు, మత్తు తెలియకుండా చేస్తుంది. దీంతో ఇంకా తాగేస్తారు, బండీ తీస్తారు.

ఎండదెబ్బకు ఇది మందు కాదు

ఎండలో తిరిగొచ్చి, ఆట ముగించి, విరేచనాలతో నీరసించి ఎనర్జీ డ్రింక్ తాగటం పెద్ద పొరపాటు. ఒంట్లోంచి పోయిన ఉప్పు, నీటిని ఇది భర్తీ చేయదు. విరేచనాలకు కావాల్సింది ఓఆర్ఎస్. లీటరు నీటిలో 2.6 గ్రా. ఉప్పు, 13.5 గ్రా. గ్లూకోజ్, 1.5 గ్రా. పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రా. సిట్రేట్ ఉండేలా ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించిన లెక్క అది. పంచదార పానీయాల మీద ‘ఓఆర్ఎస్’ అని రాయటంపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దాన్ని నిషేధించింది. ఓఆర్ఎస్ పొట్లాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగానే దొరుకుతాయి. మామూలు ఎండ దాహానికి ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం, కొబ్బరినీళ్లు చాలు.

ఇలా చేసి చూడండి

* మధ్యాహ్నం 2 గంటలు దాటాక కెఫీన్ ఆపండి.
* పగటి మగతకు 20 నిమిషాల కునుకు సీసా కన్నా మంచి మందు.
* రోజూ తాగే అలవాటుంటే ఒక్కసారిగా మానొద్దు. తలనొప్పి, చిరాకు వస్తాయి. వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా తగ్గించండి.
* నిద్ర పట్టకపోతే ముందు ఫోన్ పక్కన పెట్టండి. రోజూ ఒకే వేళకు లేవండి. గోరువెచ్చటి పాలు తాగే అలవాటుంటే మానక్కర్లేదు.
* మూడు నెలలుగా, వారానికి మూడు రోజులైనా నిద్ర పట్టకపోతున్నా, గురకతో ఉలిక్కిపడి లేస్తున్నా డాక్టర్‌ను కలవండి. థైరాయిడ్, రక్తహీనత, కుంగుబాటు, నిద్రలో శ్వాస ఆగటం వంటివి అలసట ముసుగులో దాగి ఉండొచ్చు.
* ఏ జబ్బుతో డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఇలాంటి డ్రింకులు, పొడులు తాగుతుంటే తప్పకుండా చెప్పండి. పిల్లలనైతే తిట్టకుండా అడగండి. తిడితే నిజం బయటికి రాదు.

ఎనర్జీ డ్రింక్ తాగాక ఛాతీలో నొప్పి, ఆగని గుండెదడ, స్పృహ తప్పటం, ఆగకుండా వాంతులు, ఫిట్స్ వస్తే ‘గ్యాస్ అయి ఉంటుందిలే’ అని ఆలస్యం చేయొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఖాళీ సీసానూ వెంట తీసుకెళ్లండి. ఏం తాగారో, ఎంత తాగారో తెలిస్తే చికిత్స త్వరగా మొదలవుతుంది.