తప్పు మెట్లది కాదు!

ఐవీఎఫ్‌లో పిండాన్ని లోపల పెట్టాక 14వ రోజు రక్తపరీక్ష. రిపోర్టు నెగెటివ్. ఇంటికొచ్చానో లేదో ఆరాలు మొదలయ్యాయి. ‘మేడ మెట్లేమైనా ఎక్కావా?’ అన్నారు అత్తయ్య. ‘బొప్పాయి తిన్లేదు కదే?’ అంది అమ్మ ఫోన్లో. మా ఆయన ఏమీ అనలేదు. కానీ ఏ రోజు బరువెత్తానో, ఏ రోజు వంగానో రాత్రంతా నేనే లెక్కలేసుకున్నా.

తర్వాత డాక్టరమ్మ దగ్గరికెళ్లినప్పుడు అదే అడిగా. ‘ముందు చిట్టెలుకల సంగతి వినమ్మా’ అన్నారావిడ.

1992లో కాలిన్ స్టీవర్ట్ బృందం ‘లిఫ్’ అనే జన్యువు పనిచేయని ఆడ చిట్టెలుకలను పరిశీలించింది. వాటిలో పిండాలు బాగానే తయారయ్యాయి. కానీ గర్భాశయ గోడకు అతుక్కోలేదు. అవే పిండాలను మామూలు ఎలుకల్లోకి మారిస్తే అతుక్కుని, పిల్లలయ్యాయి! అంటే లోపం పిండంలో లేదు. దాన్ని రమ్మని గర్భాశయం పంపాల్సిన కబురే అందలేదు.

కబురు ఒక్క వైపు నుంచే కాదు, పిండమూ సిద్ధంగా ఉండాలి. ఫలదీకరణ జరిగాక మొదట్లో అది అండంలో తల్లి దాచిపెట్టిన సరుకుతోనే బతుకుతుంది... పుట్టింటి నుంచి తెచ్చుకున్న సారెతో కాపురం మొదలెట్టినట్టు. మనుషుల్లో పిండం సొంత జన్యువులు పెద్దఎత్తున మేల్కొనేది నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో, సుమారు మూడో రోజుకి. ఐదో రోజుకల్లా కణాలు పని పంచుకుంటాయి. లోపలివి బిడ్డగా, బయటివి మాయగా మారే దారి పడతాయి. ఎలుకల్లో లోపలి కణాలకు ‘ఆక్ట్4’ జన్యువు, బయటి పొరకు ‘సీడీఎక్స్2’ కీలకం. ఈ రెండోది లేని పిండం, గర్భాశయం ఎంత బాగున్నా అతుక్కోలేదు.

‘మరి ఆ లిఫ్ ప్రొటీన్‌నే ఇంజెక్షన్ చేయొచ్చుగా?’ అన్నా ఆశగా. పదేపదే ఐవీఎఫ్ విఫలమైన మహిళలకు ఇచ్చి చూశారట. ప్రయోజనం కనిపించలేదట. ఎలుకలో తలుపు తీసిన తాళంచెవి మనిషిలోనూ తీయాలనేం లేదు.

‘పిండం నిలవకపోవడానికి తరచూ కనిపించే కారణం క్రోమోజోముల లెక్క తప్పడం. అది చాలాసార్లు అండం తయారయ్యేటప్పుడే జరిగిపోతుంది. వయసుతోపాటు ఆ అవకాశం పెరుగుతుంది. నువ్వు మెట్లెక్కే నాటికే ఆ లెక్క తేలిపోయి ఉంటుంది. పిండం పెట్టాక మంచం దిగకుండా ఉంటే ఫలితం మెరుగుపడుతుందని కూడా పరిశోధనల్లో తేలలేదు’ అన్నారు డాక్టరమ్మ.

ఆ రాత్రి వంటింట్లో అత్తయ్యకి ఇదంతా చెప్పా. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న చెయ్యి ఆగింది.

‘మీ ఆయన కంటే ముందు నాకు రెండుసార్లు నిలవలేదు. రెండో నెలలోనే పోయాయి. బావిలో నీళ్లు తోడావు, అందుకే అంది మా అత్త. నేనూ అదే అనుకున్నా, ఇన్నేళ్లూ.’

కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత ఆవిడే అన్నారు: ‘ఈసారి ఆస్పత్రికి నేనూ వస్తా. ఎవరైనా మెట్ల మాటెత్తితే నేను చెప్తాలే.’