చేపల తొట్టికి తనంతట నీరు చేరు ఏర్పాటు

మా జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఉత్తరపు కిటికీ ప్రక్కన ఒక గాజు తొట్టి కలదు. పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 40. అందులో పరిగెలు, గప్పీలు, కొన్ని నత్తలు, కొంత నాచు ఉన్నవి. నీటిని 37 సెంటీమీటర్ల ఎత్తు వరకు నిలుపుదుము. అనగా సుమారు 100 లీటర్లు. చేప మొప్పల కదలికను లెక్కించు ప్రయోగమును ప్రథమ సంవత్సర విద్యార్థులు ఈ తొట్టి యొద్దనే చేయుదురు.

ఈ తొట్టికి నిత్యము నీరు పోయు పని ఇన్నేండ్లుగా మా ప్రయోగశాల సహాయకునిది. మేమందరము ఆయనను చాచా అని పిలుతుము. ఆదివారములందే గాక, ఈద్ నాడు నమాజు ముగిసిన పిమ్మట క్రొత్త బట్టలతోనే వచ్చి రెండు చెంబుల నీరు పోసి వెళ్ళుట మేము ఎరుగుదుము. ఆయన ఈ విద్యా సంవత్సరాంతమున పదవీ విరమణ చేయనున్నారు. సెలవు దినములలో ఇక ఆ పని ఎవరు చేయుదురను ప్రశ్న వచ్చినప్పుడు, యంత్రమునకు అప్పగింతుమని మేము ఉత్సాహముతో ముందుకు వచ్చితిమి.

మొదట నీరు ఎంత తరుగుచున్నదో తెలియవలెను గదా. గాజుపై కాగితపు కొలబద్ద నంటించి పది దినములు చూచితిమి. పంకా తిరుగు గదిలో, ఎండలు ముదరక మునుపే, దినమునకు సుమారు 5 మిల్లీమీటర్ల మట్టము తగ్గినది. తొట్టి ఉపరితలము 2,700 చదరపు సెంటీమీటర్లు గనుక ఇది 1.35 లీటర్లు. చాచా పోయు రెండు చెంబుల లెక్క ఏ కొలబద్దయు లేకుండగనే సరిపోయినది!

ఇచ్చట ఒక సంగతి విద్యార్థులు గ్రహింపవలెను. ఆవిరియై పోవునది నీరు మాత్రమే; అందు కరిగియున్న లవణములు తొట్టిలోనే మిగులును. లీటరుకు 400 మిల్లీగ్రాముల లవణములున్న బోరు నీటిని దినమునకు 1.35 లీటర్లు పోసితిమనుకొందము. ప్రతి దినము 540 మిల్లీగ్రాముల లవణము తొట్టిలో చేరును. నూరు దినములకు 54 గ్రాములు. అప్పుడు తొట్టి నీటిలో లవణములు లీటరుకు 400 నుండి 940 మిల్లీగ్రాములకు పెరుగును. చూచుటకు నీరు అద్దము వలె నుండును, చేపలకు మాత్రము అది వేరొక నీరు. కావున తరిగిన నీటి స్థానమున లవణములు తక్కువగా నున్న ఆర్.ఓ. నీటినో, శుభ్రముగా పట్టిన వాన నీటినో పోయవలెను. అట్లని వారమునకొకసారి కొంత పాత నీరు తీసి క్రొత్త నీరు పోయుట మానరాదు. తరిగినది నింపుట వేరు, పాతది మార్చుట వేరు. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుండు సముద్రపు నీటి తొట్లలో ఈ జాగ్రత్త ఇంకను ముఖ్యము.

ఇక నీరు తనంతట చేరు మార్గములు. మన ఇండ్లలో ఎయిర్ కూలరుకు బంతి కుళాయి బిగించుట అందరును చూచినదే. నీరు తగ్గిన బంతి దిగును, కుళాయి తెరచుకొనును. నీరు నిండిన బంతి లేచును, కుళాయి మూసుకొనును. దీనినే తొట్టికి బిగింపవచ్చునని మా మిత్రులలో కొందరు పట్టుబట్టిరి. పని చేయును, సందేహము లేదు. కాని ఆ కుళాయి వెనుక ఉన్నది మేడపై నున్న వేయి లీటర్ల ట్యాంకు. బంతి క్రింద ఒక నత్త ఇరుక్కొన్నను, సున్నము పేరుకొని కుళాయి సరిగా మూయకున్నను, ఆ వేయి లీటర్లును ప్రయోగశాలలోనికే వచ్చును. కావున దీనిని విడిచితిమి.

రెండవది కోళ్ళకు నీరు పెట్టు బోర్లించిన సీసా పద్ధతి. నీరు నింపిన సీసాను మూతి క్రిందుగా, తొట్టి నీటికి సరిగా తాకునట్లు నిలుపుదురు. మట్టము తగ్గి మూతి బయటపడగానే ఒక గాలి బుడగ లోనికి పోవును, దానికి సరిపడు నీరు క్రిందికి దిగును. మూతి మరల మునిగినంతనే ఆగును. విద్యుత్తు అక్కరలేదు, మోటారు రొద లేదు, అప్పుడప్పుడు ఒక గుడగుడ తప్ప. మధ్యాహ్నపు వేడికి సీసాలోని గాలి వ్యాకోచించి నీటిని నెట్టునని ఒక ఆక్షేపణ కలదు. లెక్క వేసి చూచితిమి: 5 లీటర్ల గాలి 10 డిగ్రీలు వేడెక్కినను పెరుగుదల సుమారు 170 మిల్లీలీటర్లు, మా తొట్టిలో అది ఒక మిల్లీమీటరు ఎత్తు కూడ కాదు. అయితే నీటితో నిండిన పెద్ద సీసాను తలక్రిందులు చేసి నిలుపుట వృద్ధులకు గాని, ఒంటరిగా నున్నవారికి గాని సులభము కాదు. చిన్న తొట్లకు, కరెంటు నిలుకడ లేని ఊళ్ళకు దీనిని మించినది లేదని మా అభిప్రాయము.

మేము మూడవ మార్గము నెన్నుకొంటిమి. ఒక డబ్బాలో నీరు, అందులో 12 వోల్టుల చిన్న పంపు, తొట్టిలో ఒక ఫ్లోట్ స్విచ్. ఈ స్విచ్ నిర్మాణము చాల సుందరమైనది. తేలు బిళ్ళలో ఒక అయస్కాంతము, నడిమి కాడలో గాజు గొట్టమున బిగించిన రెండు సన్నని లోహపు రేకులు ఉండును. బిళ్ళ దిగినప్పుడు రేకులు కలిసి పంపు నడచును, లేచినప్పుడు విడిపోయి పంపు ఆగును.

20 లీటర్ల త్రాగునీటి డబ్బాను తొట్టి ప్రక్కనున్న ఎత్తైన అలమరపై నుంచి, గొట్టము చివరను తొట్టి నీటిలో ముంచి, శనివారము సాయంకాలము తలుపులు మూసి వెళ్ళితిమి. సోమవారము ఉదయము తలుపు తెరచునప్పటికి నేలంతయు నీరు. డబ్బా ఖాళీ. అలమర క్రింది అరలోని ఎనిమిది రికార్డు పుస్తకములు తడిసి, సిరా పటములు చెదరిపోయినవి. అంతకన్న బాధాకరము, రెండు పరిగెలు పొరలిన నీటితోపాటు నేలపై పడి చనిపోయినవి. స్విచ్ చెడలేదు, పంపు చెడలేదు. పంపు సరియైన వేళకే ఆగినది. నీరు మాత్రము ఆగలేదు. చాచా గుడ్డతో నేల తుడుచుచు అనిన మాట: "నీళ్ళు పోయడం ఎవరైనా చేస్తారు బాబూ, ఆపడం నేర్పండి దానికి."

కిరోసిన్ పీపాలో రబ్బరు గొట్టము పెట్టి ఒకసారి నోటితో పీల్చి వదలినచో పీపా అడుగు వరకు నూనె తనంతట వచ్చుట మన పెద్దలందరికి తెలిసినదే. అదియే సైఫన్. గొట్టము నిండుగా ద్రవముండి, ఒక చివర నున్న ద్రవమట్టము రెండవ చివర కన్న ఎత్తుగా నున్నంత వరకు ప్రవాహము సాగుచునే యుండును. మా పంపు చేసినది ఆ మొదటి పీల్పు మాత్రమే. తక్కిన పని భూమ్యాకర్షణ చేసినది. ఈ విద్య మనకు క్రొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదులో బనూ మూసా సోదరులు మువ్వురు తమ కితాబుల్ హియల్ అను గ్రంథమున సుమారు నూరు యంత్రములను వర్ణించిరి. వానిలో సైఫన్లు, తేలు బిళ్ళలు, తమంతట మూసుకొను కవాటములు ఎన్నియో కలవు. భాస్కరాచార్యుడు 1150లో రచించిన సిద్ధాంత శిరోమణిలో సైఫన్‌ను కుక్కుటనాడి యను పేర చెప్పినాడు. ఇంత పాతదైనను దీనిని గూర్చిన పొరపాట్లు తీరలేదు. ప్రసిద్ధమైన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు సైఫన్‌ను నడుపునది వాయుపీడనమని దాదాపు ఒక శతాబ్దము పాటు వ్రాయగా, నడుపునది భూమ్యాకర్షణయే యని 2010లో ఆస్ట్రేలియా దేశపు భౌతికశాస్త్ర అధ్యాపకుడొకడు ఎత్తిచూపెను. కావున మా అజ్ఞానమును కార్యవర్గము వారు మన్నింతురని ఆశింతుము.

నివారణ సులభము. డబ్బాను తొట్టి బల్ల క్రింద నేలపై నుంచితిమి. ఇప్పుడు డబ్బాలోని నీటిమట్టము ఎల్లప్పుడును గొట్టపు చివర కన్న క్రిందనే యుండును గనుక, పంపు ఆగిన పిమ్మట డబ్బా నుండి నీరు ఎక్కలేదు. కాని సగము పనియే అయినది. గొట్టపు చివర తొట్టి నీటిలో మునిగియున్నచో సైఫన్ ఎదురు దిక్కున నడచును. పంపు ఆగగానే తొట్టి నీరు డబ్బాలోనికి దిగును, మట్టము తగ్గును, పంపు మరల నడచును, ఇట్లు రేయింబవళ్ళు సాగును. చివరకు డబ్బాలోని మంచి నీరు తొట్టి నీటితో కలిసిపోవును. అందుచేత గొట్టపు చివరను నీటికి పైన, గాలిలో, తొట్టి అంచు దగ్గర బిగింపవలెను. పంపు ఆగగానే ఆ చివర గుండ గాలి చొరబడి, గొట్టములోని నీరు డబ్బాలోనికి జారి, అంతటితో ముగియును. కొందరు గొట్టపు పై వంపులో సన్నని రంధ్రము చేసి, చివరను నీటిలోనే యుంతురు. ఆ రంధ్రము సున్నముతోనో నాచుతోనో పూడుకొనుట తథ్యము. దానిని ఒక్కదానినే నమ్మరాదు.

గొట్టము గాలిలో నున్నచో నీరు పడు చప్పుడు వచ్చును. చివరను గాజు గోడకు ఆనునట్లు వంచి బిగించినచో నీరు గాజు వెంబడి నిశ్శబ్దముగా జారును. పంపు క్రింద స్పాంజి ముక్క పరచి, డబ్బా గోడకు తగులకుండ ఉంచితిమి. గ్రంథాలయము గోడకు ఆవలనే యున్నది గనుక ఈ జాగ్రత్త అవసరమైనది. పంపును కొనునప్పుడు అది ఎత్తగల గరిష్ఠపు ఎత్తు మన అవసరమునకు రెండింతలుండునట్లు చూడవలెను. ఆ గరిష్ఠపు ఎత్తు వద్ద నీరు బొత్తిగా రాదు.

స్విచ్‌ను రంధ్రములు గల ప్లాస్టిక్ గొట్టములో నిలిపి మూలన పెట్టితిమి. అలలు తగులవు, నత్తలు ఎక్కవు. పంపు మొదలగు క్షణమున విద్యుత్తు హెచ్చుగా లాగుటచే స్విచ్ లోని రేకులు ఒకదానికొకటి అతుకుకొనవచ్చును. కాన నడుమ ఒక రిలే ఉంచితిమి. మొదటి స్విచ్ కన్న రెండు వ్రేళ్ళ ఎత్తున రెండవ స్విచ్ కలదు. మొదటిది మొండికెత్తినచో ఇది ఆపును. అడాప్టరు తీగను క్రిందికి వ్రేలాడదీసి పిమ్మట పైకి తీసికొనిపోవలెను. తీగ వెంట జారు నీటి బొట్లు వంపు వద్ద రాలిపోవును గాని సాకెట్టును చేరవు.

గడియకు కొంతసేపు మాత్రమే పంపు నడచునట్లు టైమరు పెట్టుడని ఒక మిత్రుడు సలహా ఇచ్చెను. మా పంపు నిమిషమునకు 4 లీటర్లు తోడును. బజారులో దొరకు సామాన్యమైన టైమరు 15 నిమిషముల కన్న తక్కువ కాలము నెంచదు. 15 నిమిషములకు 60 లీటర్లు! ఆ టైమరు మమ్ము ఏ విధముగా కాపాడునో మాకు బోధపడలేదు.

అసలైన రక్షణ డబ్బా పరిమాణమునందే కలదు. మా తొట్టిలో నీటికి అంచుకు నడుమ 3 సెంటీమీటర్లు ఖాళీ. అందులో పట్టునది 8.1 లీటర్లు. కావున 20 లీటర్ల డబ్బాను విడిచి 7 లీటర్లు పట్టు మూత గల డబ్బాను తెచ్చితిమి. స్విచ్‌లు రెండును చెడి, రిలే కాలి, ఎవ్వరును లేని వేళ పంపు ఆగకుండ నడచినను, డబ్బాలోని ఆఖరి చుక్క వరకు తొట్టియే ఇముడ్చుకొనును. 7 లీటర్లు అయిదు దినములకు చాలును, పండుగ సెలవులకు అంతకన్న అక్కరలేదు. వేసవి సెలవులలో మాత్రము అయిదు దినములకొకసారి ఎవరైనను వచ్చి డబ్బా నింపక తప్పదు. ఆ వంతుల పట్టికను కార్యవర్గము వారికి సమర్పించితిమి.

నమ్మకమునకై ఒక పరీక్ష చేసితిమి. చాచాను పిలిచి, ఆయన ఎదుట స్విచ్‌ల బిళ్ళలు రెండింటిని చేతితో క్రిందికి అదిమి పట్టి పంపును ఆపకుండ నడిపించితిమి. రెండు నిమిషములు కాకమునుపే డబ్బా ఖాళీ అయి పంపు ఒట్టిగా గరగరలాడెను. తొట్టి నీరు అంచుకు సుమారు నాలుగు మిల్లీమీటర్ల క్రింద నిలిచినది. చాచా వంగి, అంచుకు చిటికెన వ్రేలు ఆనించి చూచి, ఎక్కువైన నీటిని చెంబుతో తోడిపోసి, డబ్బాను తానే నింపిరి. తరువాత మేము ఒక కాగితముపై ఉర్దూలోను తెలుగులోను వ్రాసి తొట్టి ప్రక్క గోడకు అంటించితిమి: డబ్బాను నేలపై నుండి ఎత్తి బల్లపై పెట్టరాదు, ఇంతకన్న పెద్ద డబ్బా తేరాదు.